చేతుల్లో చర్చి

ఎలీషమ్మకు కోపం వస్తే ముందుగా చీపురుకు తెలుస్తుంది. బుధవారం పొద్దున రావల్కోల్ చర్చిలో ఆమె ఊడుస్తుంటే, కొత్త టైల్సు మీద పుల్లలు బరబరమని గీరుకుపోతున్నాయి. వేదిక వెనక గోడ మీద స్కేలు పెట్టి గళ్ళు గీస్తున్న పెయింటర్ కుర్మయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

"అవ్వా, టైల్సు పోతయి. జర మెల్లగ ఊడ్వు."

"పోతే పోనియ్యి. బండలే పోయినయి, టైల్సు ఒక లెక్కనా?"

కుర్మయ్యకు ఆ మాట అర్థం కాలేదు. అతనిది అత్వెల్లి. విత్తనాల కంపెనీల పేర్లు, సిమెంటు బస్తాల బొమ్మలు గోడల మీద రాసి బతికినవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు స్కూళ్ళ గోడలకు పువ్వులు, ఏనుగులు వేస్తున్నాడు. ఇంత పెద్ద బొమ్మ, అందులోనూ దేవుడి బొమ్మ చేతికి రావడం అతనికి ఇదే మొదలు. అందుకే ప్రతి గడినీ రెండుసార్లు కొలుచుకుంటున్నాడు.

బండ సంగతి ఎలీషమ్మకు గంట కిందటే తెలిసింది. లోపలికి వచ్చేముందు బోరు నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంది. కొత్తగా సిమెంటు వేసి బిగించిన శాబాదు బండ మీద కాలు పెట్టగానే ఎడమ మూల విరిగిన చోటు బొటనవేలికి తగిలింది. ఆ విరిగిన మూల ఆమెకు కొత్తది కాదు. పాత చర్చి గుమ్మం పక్కన ముప్పై ఏండ్లు నిలబడిన బండ అది. దాని మీద ఇరవై ఒక్క మంది ఆడవాళ్ళ పేర్లున్నాయి. పాత చర్చిని కూలగొట్టినప్పుడు బండను జాగ్రత్తగా తీసిపెట్టామని చెప్పారు. జాగ్రత్తగానే పెట్టారు మరి, పేర్లు కిందికి చేసి, అందరూ కాళ్ళు కడుక్కునేటట్టు.

వంటకు బియ్యం పోసిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేయడం ఆ వాడలో ఆచారం. ఇంట్లో నలుగురికి చాలని రోజున కూడా ఆ పిడికెడు తప్పేది కాదు. ఆదివారం పొద్దున ఎలీషమ్మ ఇత్తడి మానిక పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం కొలుచుకుని వచ్చేది. ఆ బియ్యంతోనే పాత చర్చి లేచింది. పునాదికి మట్టి తవ్విందీ, రాళ్ళు మోసిందీ కూడా బండ మీది ఆ ఇరవై ఒక్క మంది చేతులే.

ఆమె చీపురు ఆపి గోడ దగ్గరికి వచ్చింది. బొగ్గుగీతల్లో నడుమ ఏసుప్రభువు కూర్చుని ఉన్నాడు. ఎడమపక్క కింద ఒక మనిషి మోకాళ్ళ మీద ఉన్నాడు.

"నడుమ ఉన్నాయన ఎర్కే. గీ మోకాళ్ళ మీద ఉన్నోడెవరు బిడ్డా?"

"విక్టర్ సారు."

"చేతులల్ల ఏంది?"

"చర్చి. గీ చర్చే. కట్టిచ్చి ఏసుప్రభుకు ఇస్తున్నట్టు ఎయ్యమన్నడు."

ఎలీషమ్మ ఆ గీతలను పైనుంచి కిందిదాకా చూసింది.

"బాగుంది. సొమ్మొకనిది సోకొకనిది," అని మళ్ళీ చీపురు అందుకుంది. "కుర్మయ్యా, ప్రతిష్ఠ ఆదివారం. గా లోపట మా ఇరవయ్యొక్క పేర్లు గీ గోడ మీదికి రావాలె. రాకుంటే నేను ఎలీషమ్మనే గాదు."

ముసలామె ఏదో అంటోందిలే అనుకుని కుర్మయ్య మళ్ళీ స్కేలు అందుకున్నాడు.

*

గురువారం పదకొండింటికి విక్టర్ వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల కారు. శామీర్‌పేట దిక్కు వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మే మనిషి. ఈ వాడలోనే పుట్టినవాడు. యెరూషలేము యాత్రకు పోయి, వచ్చేటప్పుడు ఇస్తాంబుల్‌లో రెండు రోజులు ఆగాడట. అక్కడొక పాత చర్చిలో తీసిన ఫోటో సెల్‌ఫోన్‌లో చూపించాడు. బంగారు రంగు గోడ మీద, నెత్తిన గుమ్మడికాయంత టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి మోకాళ్ళ మీద కూర్చుని క్రీస్తుకు చర్చిని అందిస్తున్నాడు.

"అప్పట్ల చర్చి కట్టిచ్చినోళ్ళు గిట్లనే ఏపిచ్చుకుంటుండిరి. ఏడు వందల ఏండ్లయినా రంగు పోలే. నాకు గిట్లనే కావాలె. టోపీ ఒద్దు. చేతికి గడియారం కనపడాలె."

"గడియారం ఆఖరుకు ఏస్త సార్," అన్నాడు కుర్మయ్య. "జర ఒక్క నిమిషం మోకాళ్ళ మీద కూసోని గీ అట్టపెట్టె పట్టుకుంటరా? చేతులెట్ల వస్తయో సూసుకుంట."

"ఫోటో ఇచ్చిన గద?"

"ఫోటోల మీ చేతులు జేబుల ఉన్నయి సార్."

విక్టర్ కింద టైల్సు వంక, తన ప్యాంటు వంక చూసుకున్నాడు. "మోకాళ్ళ మీద కూసునుడు నాతోని గాదు. నువ్వే సూసి ఎయ్యి," అన్నాడు.

ఎలీషమ్మ స్తంభం చాటునుంచి కదిలి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. కొంగు నడుముకు చెక్కి ఉంది.

"విక్టరూ, ఒక్క మాట బిడ్డా. నల్లకాడ బండ కింద ఇరవయ్యొక్క పేర్లున్నయి. బండ తీపియ్యమంటలేను, తీస్తే పగుల్తది. పేర్లు మాత్రం గీ గోడ మీద రాపియ్యి. గంతే."

"చిన్నమ్మా, అందరి పేర్లు రాసుకుంట పోతే గోడ ఓటరు లిస్టు అయితది."

"పాత గుడి మా పిడికెడు బియ్యంతోని లేచింది."

"పాత గుడి కూలిపోయింది గద. గిది కొత్తది. నేను కట్టిచ్చిన. బయట నల్లరాయి మీద నా పేరుంది, సాలు." అతను గొంతు పెంచలేదు, నవ్వుతూనే అన్నాడు. అదే ఎలీషమ్మకు ఇంకా మండింది. కారు ధూళి లేపుకుంటూ పోయింది.

పాస్టరు యాకోబు అప్పటిదాకా బైబిలు పేజీలు తిప్పుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. మెత్తని మనిషి. ఇరుపక్షాలూ బాగుండాలనుకుని, చివరికి ఏ పక్షానికీ పనికిరాకుండా పోయే రకం.

"ఎలీషమ్మా, పెద్దోళ్ళతోని మనకెందుకు? ఎవరేమిచ్చిన్రో దేవునికి ఎర్కే గద."

"దేవునికి ఎర్కే అయ్యగారూ. విక్టర్ ఇచ్చింది గూడ దేవునికి ఎర్కే గద. మరి గా బొమ్మెందుకు?"

యాకోబు బైబిలు మూసి ఇంట్లోకి పోయాడు.

కుర్మయ్యకు మాత్రం చేతుల బాధ పట్టుకుంది. మధ్యాహ్నందాకా మూడుసార్లు గీసి మూడుసార్లు తుడిచాడు. తన ఎడమచేతిని చూసుకుంటూ గీశాడు, కుదరలేదు. బరువు మోస్తున్న చేయి వేరు, ఖాళీ చేయి వేరు.

"అవ్వా, నువ్వు ఒక్కసారి కూసుంటవా?"

"నేనా? విక్టర్ చేతులకు నా చేతులా?"

"చేతులు ఎవరియైతేంది. ఏదన్న బరువుది పట్టుకో."

ఆమె ఇంటికి పోయి ఇత్తడి మానిక తెచ్చింది. అందులో అంచుదాకా బియ్యం పోసుకుని వచ్చి, వేదిక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు అరచేతుల మీద మానిక పెట్టి ముందుకు చాపింది. కూర్చోవడం ఆమెకేమీ కష్టం కాలేదు, రోజూ కూర్చునేదే. కుర్మయ్య బొగ్గుముక్క పట్టుకుని దగ్గరగా వచ్చి చూశాడు. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు పక్కకు వంగి ఉంది.

"గీ వేలికేమయిందవ్వా?"

"పాత గుడి పునాదిల రాయి పడ్డది. దవాఖానకు పోతే ఆ దినం పని ఆగుతుండె. పోలే."

కుర్మయ్య వంకర వేలును వంకరగానే గీశాడు. ఆమె అరగంటసేపు కదలకుండా కూర్చుంది. మానికలోంచి ఒక్క గింజ కింద పడలేదు.

*

శుక్రవారానికి బొమ్మకు ముఖం వచ్చింది. విక్టర్ మీసం, నుదుటి మీది గీత, అన్నీ కుదిరాయి. కుర్మయ్య చేతిలో పని ఉందని ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

ఆ పొద్దున విక్టర్ కూతురు షైని వచ్చింది. యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. తండ్రి ఫోటో చూసి, ఆ కాలపు చర్చిల మీద లైబ్రరీలో పుస్తకాలు వెతికిందట. వేదిక మెట్టు మీద ఎలీషమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో బొమ్మలు చూపించింది.

"నాయినమ్మా, గీ టోపీ ఆయన రాజు దగ్గర పెద్ద మంత్రి. మస్తు ఆస్తి. చర్చిని బాగు చేపిచ్చి, గోడలన్ని బొమ్మలతోని నింపిచ్చిండు. తర్వాత రాజు మారిండు. ఆస్తి పోయింది, ఇల్లు పోయింది. ఆఖరుకు గదే చర్చి మఠంల సన్యాసిగ ఉండి చచ్చిపోయిండు."

"అయ్యో. బొమ్మ మాత్రం మిగిలింది."

"గా బొమ్మలు గొప్పకే కాదు. మేం పోయినంక మా ఆత్మ కోసం ప్రార్థన చెయ్యిన్రి అని ఏపిచ్చుకుంటుండిరి." షైని వేలితో ఇంకో బొమ్మకు జరిపింది. "గిది సూడు. గ్రీసుల ఒక పల్లె. మన వంటింటంత గుడి. గక్కడ రాజు లేడు, మంత్రి లేడు. ఊరోళ్ళు తలా ఇంత ఏసుకోని కట్టుకున్నరు. ఇట్లాంటి పల్లెలల్ల ఒకరు ఒలీవ చెట్టు, ఒకరు చెలక ముక్క ఇచ్చుకున్నరు. పేర్లన్ని గోడ మీద రాపిచ్చిన్రు, ఎవరేమిచ్చిన్రో గూడ."

ఎలీషమ్మ ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆ లిపి ఆమెకు రాదు. అయినా ఒక్కొక్క వరుస మీద చూపు నిలుపుతూ చివరిదాకా చూసింది.

"ఎన్నేండ్లయిందన్నవు?"

"ఏడు వందల యాభై దాటినయి."

"ఇంక ఉన్నయా పేర్లు?"

"ఉన్నయి."

"మాయి ముప్పై ఏండ్లకే బోర్ల పడ్డయి," అంది ఎలీషమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఏడ్చే మనిషి కాదు. ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "నీ నాయినకు చెప్పు బిడ్డా."

"రాత్రే చెప్పిన. గది పల్లె, గిది హైదరాబాద్ అంటడు."

షైని వెళ్ళిపోయాక ఆకుకూరల గంప దింపుకోవడానికి తారాబాయి వచ్చింది. మేడ్చల్ నుంచి రోజూ వచ్చే మనిషి. కొత్త చర్చి చూద్దామని చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడి చేతులు జోడించింది. చూపు ఎడమపక్కకు పోగానే చేతులు నోటికి పోయాయి.

"అయ్యో దేవుడా! విక్టర్ సారేనా? ఎప్పుడు పోయిండవ్వా? మొన్ననే కారుల కనపడె!"

"పోవుడేంది? దుక్కలాగ ఉన్నడు."

"బతికే ఉన్నడా? బతికున్నోన్ని తీస్కపోయి దేవుని కాళ్ళకాడ గోడకెక్కిచ్చిన్రా? మా తాండల గిట్ల చేస్తే ఇంటోళ్ళు కొడ్తరు. దండ ఒక్కటే తక్కువ!"

కుర్మయ్య చేతిలో కుంచె ఆగింది. ఎలీషమ్మ గోడ మీది ముఖం వైపు తిరిగి, చాలాసేపు తల పక్కకు వంచి చూసింది. ఆ తర్వాత గంపలోంచి పాలకూర కట్ట ఏరుకుంటూ మామూలుగా అడిగింది.

"తారాబాయీ, రేపొచ్చేటప్పుడు బంతిపూల దండ ఒకటి తే. పెద్దది తే."

*

శనివారం పదింటికి విక్టర్ ఒంటరిగా రాలేదు. ప్లాట్లు కొంటున్న దూలపల్లి వాళ్ళు ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చాడు. తాను కట్టించిన చర్చి చూపించి, అటునుంచి అటే వెంచరుకు తీసుకుపోవాలని. వాళ్ళలో పెద్దాయన పేరు పర్వతాలు. బూట్లు విప్పి అందరికంటే ముందు లోపలికి నడిచాడు. వేదిక దగ్గరికి పోయి టక్కున ఆగిపోయాడు.

గోడ మీద విక్టర్ బొమ్మకు నిండు బంతిపూల దండ వేలాడుతోంది. కింద కొవ్వొత్తి వెలుగుతోంది. ఎలీషమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఉంది.

పర్వతాలు తల వంచి చేతులు జోడించాడు. తర్వాత విక్టర్ భుజం మీద చేయి వేశాడు.

"మీ అన్ననా సార్? అచ్చం మీ తీరుగనే ఉన్నడు. పాపం, ఎప్పుడు పోయిండు?"

విక్టర్ నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి తనకు తెలియకుండానే గుండె మీదికి పోయింది. వెనకున్న ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ఒకడు మెల్లగా గుమ్మం వైపు అడుగేశాడు.

"ఎవరేసిన్రు గీ దండ?" చర్చి అంతా మారుమోగింది.

"నేనే బిడ్డా," ఎలీషమ్మ నింపాదిగా లేచింది. "దాతవు గద. మర్యాద జెయ్యొద్దా?"

"బతికున్నోనికా! తీయ్! జల్దీ తీయ్!"

"ఇయ్యాల తీస్త. రేపు ఇంకొకలేస్తరు. గోడ మీద మనిషి బొమ్మ ఉన్నంక దండ పడకుంట ఉంటదా? పిల్లలు దండం పెడ్తరు. కొత్తగొచ్చినోళ్ళు ఎప్పుడు పోయిండని అడుగుతరు. నిన్న తారాబాయి అడిగింది, ఇప్పుడు గీ పెద్దాయన అడిగిండు. ఎంతమందికి చెప్తవు, నేను బతికే ఉన్ననని?"

విక్టర్ దండను తానే లాగేశాడు. రేకులు టైల్సు మీద పడ్డాయి. దండ తీసినా ముఖం మాత్రం గోడ మీద అలాగే ఉంది, మోకాళ్ళ మీద, దేవుని పాదాల దగ్గర.

"కుర్మయ్యా, తీసెయ్. మొఖం తీసెయ్. మొత్తం మనిషినే తీసెయ్."

"రేపు పొద్దుగాలనే ప్రతిష్ఠ సార్. గంత జాగ బోసిగ కనపడ్తది. ఏమెయ్యాలె?"

"ఏమన్న రాసుకోన్రి! నా బొమ్మ మాత్రం ఉండొద్దు!"

"ఏమన్ననా బిడ్డా?" ఎలీషమ్మ అడిగింది. "అయ్యగారూ, మీరు విన్నరా?"

యాకోబు తలుపు దగ్గరే ఉన్నాడు. అటు విక్టర్‌ను, ఇటు ఎలీషమ్మను చూశాడు. ముప్పై ఏండ్ల కింద ఆ పునాది తవ్వకంలో అతని తల్లి కూడా ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"విన్న," అన్నాడు. "ఏమన్న రాసుకోమన్నరు. విన్న."

విక్టర్ అప్పటికే బూట్లు వేసుకుంటున్నాడు. పర్వతాలు కారు దగ్గర నిలబడి ఫోన్‌లో ఎవరికో చెప్తున్నాడు, "కాదు కాదు, సారు బతికే ఉన్నడు. నేను సూస్తనే ఉన్న."

కుర్మయ్య గోడకు పూసే లప్పం కలిపాడు. ముఖం మీద ఒక పూత, మెడ మీద ఒక పూత, తెల్ల చొక్కా మీద రెండు పూతలు. మీసం ఒక్కటే మొండికేసింది, మూడో పూతకు గానీ పోలేదు. చేతుల దాకా వచ్చి ఆగాడు.

"సారు మనిషిని తీసెయ్యమన్నడు. గీ చేతులు సారుయి కావు గద," అన్నాడు తనలో తానే అన్నట్టు. గడియారం ఇంకా వేయలేదు. వేయాల్సిన పని కూడా లేదిప్పుడు. చేతులనూ చర్చినీ అలాగే ఉంచి, వాటి కింద పసుపు రంగు నిండుగా నింపాడు. ఆరేదాకా విసనకర్రతో విసిరాడు. రెండు చివర్లా మేకులు కొట్టి, సున్నం రాసిన దారం లాగి వదిలి గీతలు వేశాడు.

"ఇగ చెప్పవ్వా."

ఎలీషమ్మ వేదిక మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. చేతిలో కాగితం లేదు. ఇత్తడి మానిక పట్టుకుని మళ్ళీ వాడలో నడుస్తున్నట్టు, బోరు పక్క మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది. దానమ్మ. రూతమ్మ. జంగం సువార్తమ్మ. కుంటి మార్తమ్మ, "కుంటి ఒద్దు బిడ్డా, ఉత్త మార్తమ్మ అని రాయి, పరలోకంల మంచిగనే నడుస్తుండొచ్చు." ఒక్కొక్క పేరు దగ్గర ఆగేది, తలుపు తట్టి లోపలి మనిషి వచ్చేదాకా ఆగినట్టు. యాకోబు తల్లి పేరు వచ్చినప్పుడు యాకోబు రంగు డబ్బా పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. డబ్బాను కుర్మయ్య చేతికి ఇంకాస్త దగ్గరగా జరిపాడు. తన పేరు ఎలీషమ్మ పదమూడో ఇంటి దగ్గర మామూలుగా చెప్పింది. పొద్దు వాలకముందే, నేలకు జానెడు ఎత్తులో, చివరి వరుసలో చివరి ఇంటి పేరు రాయడం అయిపోయింది.

*

ఆదివారం ప్రతిష్ఠ బాగా జరిగింది. మేడ్చల్ నుంచి పెద్దయ్యగారు వచ్చి రిబ్బను కత్తిరించాడు. విక్టర్ ముందు వరుసలో కూర్చున్నాడు. గోడ వైపు ఒక్కసారే చూశాడు. తన ముఖం లేదు, అంతే చాలనుకుని మళ్ళీ పాటల పుస్తకంలోకి తల దించాడు.

ఆరాధన ముగిశాక జనం గోడ దగ్గరికి చేరారు. ఎవరి తల్లి పేరు వాళ్ళు వెతుక్కున్నారు. ఒకామె పేరు కింద వేలు పెట్టి కొడుకుకు చదివి వినిపిస్తోంది. ఎవరో గట్టిగా అన్నారు, "అరె, గా చేతులు సూడు. గా వంకర వేలు! గవి ఎలీషమ్మ చేతులు గదా!" అందరూ పైకి చూశారు. ఎలీషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

జనం పలచబడుతుంటే షైని గొంతు వినిపించింది.

"నాయినా, ఒక్కసారి ఇటు రా. కింది వరుస సూడు."

విక్టర్ వచ్చాడు. నిలబడి చూశాడు, కనిపించలేదు. నడుము వంచాడు, అయినా అక్షరాలు అందలేదు. ఒక మోకాలు టైల్సు మీద ఆనించాడు. తర్వాత రెండోది. నేలకు జానెడు ఎత్తులో, ఇరవై ఒకటో పేరు, నీరడి సారమ్మ అని ఉంది.

అతను ఆ పేరును తాకబోయి, చేతిని మధ్యలోనే ఆపాడు.

"మా అమ్మ," అన్నాడు. "మా అమ్మ గూడ ఇచ్చిందా?"

"నీది ఆఖరి ఇల్లుండె గద," ఎలీషమ్మ వెనకనుంచి అంది. "నువ్వు హాస్టల్ల ఉంటివి, బండ మీది పేర్లు ఎన్నడు సదివినవు గనుక. ఇంట్ల పొయ్యి రాజెయ్యని దినం గూడ, పక్కింట్ల బదులు తెచ్చి నా మానికెల పిడికెడు పోసేది. ఒక్క వారం తప్పలే."

విక్టర్ తల ఎత్తలేదు.

"మొన్ననే ఎందుకు చెప్పలే చిన్నమ్మా? గా బండ మీద మా అమ్మ పేరుందని ఒక్క మాటంటే..."

"అంటే నీ అమ్మ పేరొక్కటి రాపిస్తుంటివి బిడ్డా. మిగిలిన ఇరవై మంది సంగతేంది?"

గుమ్మం దగ్గర కుంచెలు మూట కట్టుకుంటున్న కుర్మయ్య చేయి ఆపి చూశాడు. గురువారం అడిగితే కూర్చోని మనిషి, సరిగ్గా తాను గీతలు గీసిన చోటే మోకాళ్ళ మీద ఉన్నాడు. అతని తల మీదుగా ఎలీషమ్మ చేతులు చర్చిని ఎత్తి పట్టుకుని ఉన్నాయి.

ఎలీషమ్మ వంగి అతని భుజం తట్టింది.

"లే బిడ్డా. తెల్లప్యాంటు మాసిపోతది."

విక్టర్ లేవలేదు.